నగరి అక్క

మిద్దె మీద మొక్కలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆమెను, ఊరు నగరి కాబట్టి, అందరం నగరి అక్క అనేవాళ్ళం. టైపు చేయడం ఆమెకు రాదు. రోజూ పొద్దున్నే వాయిస్ మెసేజ్ పంపేది, వెనక మరమగ్గం చప్పుడు వినిపిస్తుండగా. "మా కాకరతీగ కాయ కాసిండాది. మీరంతా ఎట్లుండారు? ఎవురూ పలకరేమి?" బదులివ్వని వాళ్ళను విడిగా అడిగి మరీ పలికించేది. నాకు ఆ ఆరా కొంచెం విసుగ్గానే ఉండేది.

మా ఆయనకు గుండె ఆపరేషన్ అని తిరుపతి ఆస్పత్రిలో చేర్చాక, మూడు రోజులు నేను గ్రూపు తెరవలేదు. ఆమె విడిగా మెసేజ్ పెట్టి అడిగితే సంగతి, ఆస్పత్రి పేరు రాసి ఊరుకున్నాను.

ఆపరేషన్ రోజున వరండాలో ఒంటరిగా కూర్చుని ఉంటే తెలిసిన గొంతు వినిపించింది. వాచ్‌మన్‌తో వాదిస్తోంది.

"మా చెల్లిని సూడాలప్పా."

"పేరేంది?"

"పేరు తెలీదు. ఫోన్లో మల్లెపూల బొమ్మ పెట్టుకోనుంటాది."

"పేరు తెలీని చెల్లేందమ్మా?"

లేచి వెళ్ళి, "అక్కా, నేనే" అన్నాను. అంతవరకు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. క్యారియర్ విప్పి నాకు అన్నం పెట్టింది. "కండ్లు సూడు, ఎట్లుండాయో. కాసేపు పండుకో, నేనుండాను గదా" అంది. ఆమె భుజం మీద తల వాల్చాను. మూడు రోజుల నిద్ర ముంచుకొచ్చింది.

నేను కళ్ళు తెరిచేసరికి, ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నది అక్కే. రోగికి మీరేమవుతారని ఆయన అడిగితే, తడుముకోకుండా "వదినను సార్" అని చెప్పిందట.