పేరు అడిగే మార్లిస్

మార్లిస్ టటిల్ నన్ను కాల్చకుండా వదిలేసిన రాత్రి గురించి మా ఊళ్లో నాలుగు రకాల కథలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో నేను తప్పతాగి ఉన్నాను. ఇంకొకదాంట్లో ఆవిడ చీకట్లో రెండుసార్లు కాల్చింది, రెండూ గురి తప్పాయి. ఈ రెండో కథ వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ చూడకుండా కాల్చే మనిషి కాదు, కాలిస్తే గురి తప్పదు. అందుకని జరిగింది నేనే చెప్తాను. ఆ రాత్రి తలుపుకి ఇవతల నిలబడ్డవాణ్ణి నేనే.

మార్లిస్‌కి అరవై తొమ్మిదేళ్లు. మనిషి నా భుజం దాకా కూడా రాదు. భర్త డెల్బర్ట్ పోయి ఆరేళ్లయింది. తొంభై ఆవుల మందని, పదిహేను వందల ఎకరాల పచ్చికని ఆవిడే చూసుకుంటుంది. నెబ్రాస్కాలో మా వైపు అది పెద్ద ఆస్తేమీ కాదు కానీ, పని మాత్రం ఇద్దరు మగాళ్లకి సరిపడా ఉంటుంది. సాయం కావాలా అని అడిగితే, "నీ కంచె నిలబెట్టుకున్నాక రావయ్యా" అంటుంది. మా ఇంటికీ వాళ్లింటికీ అర మైలు దూరం. మా కంచె ఎప్పుడూ పడిపోయే ఉంటుంది, ఆ మాట నిజమే.

ఇరవై రెండేళ్లుగా ప్రతి వసంతంలోనూ ఆవిడ స్కూలు భోజనాల హాల్లో తుపాకీ పాఠాలు చెప్తోంది. వేటకి వెళ్లే పిల్లలకీ, ఇంట్లో తుపాకీ ఉంచుకునే పెద్దలకీ. మూడు తరగతులు అయ్యేదాకా ఎవరి చేతికీ ఒక్క తూటా ఇవ్వదు. అంతవరకూ మాట్లాడటమే నేర్పిస్తుంది. ఎవరు మీరు, పేరేమిటి, చేతులు చూపించండి, అని గట్టిగా, స్పష్టంగా, వణక్కుండా అడగడం. ఆరడుగుల మగాళ్లు బెంచీల దగ్గర నిలబడి గోడని పట్టుకుని పేరు అడుగుతుంటే చూడటానికి భలే ఉంటుంది. నేనూ అలా గోడని అడిగినవాణ్ణే.

దీని వెనక ఒక సంగతి ఉంది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న గొర్రెల దొడ్డిలో ఏదో కదులుతోందని కిటికీలోంచి కాల్చాడు. తెల్లారి చూస్తే సొంత కుక్క. పిలిచి ఉంటే తోకాడించుకుంటూ వచ్చేది. వాళ్ల నాన్న ఆ తర్వాత మళ్లీ తుపాకీ ముట్టుకోలేదట. ఆవిడ మాత్రం ముట్టుకుంది, అడగడం కూడా నేర్చుకుంది.

నేను ఏడిపించేవాణ్ణి. "దొంగొస్తే పేరూ ఊరూ పుట్టిన తేదీ కూడా రాసుకుంటావా ఏమిటి?"

"రాసుకుంటా. మొదటి పేరు నీదే రాస్తా. నా పెద్ద రెంచీ పట్టుకెళ్లి రెండేళ్లయింది."

ఇక ఆ రాత్రి సంగతి. మార్చి నెల, ఆవులు ఈనే కాలం. రాత్రి రెండున్నరకి మా కొట్టంలో తొలిచూలు పెయ్య ఒకటి నొప్పులు పడుతోంది. దూడ ముందుకాళ్లు బయటికొచ్చాయి, తల రావడం లేదు. కాళ్లకి తగిలించి లాగే గొలుసు ఒకటి ఉంటుంది. నా గొలుసు కొక్కెం అంతకు ముందు వారమే విరిగింది. పశువుల డాక్టరు డెబ్బై మైళ్ల దూరంలో ఉంటాడు. మార్లిస్ గొలుసు వాళ్ల వెనక గదిలో, బూట్లు విప్పుకునే చోట, మేకుకి వేలాడుతుందని నాకు తెలుసు. నాకే కాదు, చుట్టుపక్కల అందరికీ తెలుసు. కావలసినవాళ్లు వెళ్లి తీసుకుంటారు, పొద్దున చెప్తారు. ఆ వెనక తలుపుకి తాళం వేయడం నేను పుట్టాక చూడలేదు.

ఫోను చేసి ఉండొచ్చు కదా అని అందరూ అడుగుతారు. వేళకాని వేళ ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటారు. పెద్దావిడని అలా హడలగొట్టడం ఎందుకని, చప్పుడు చేయకుండా వెళ్లి తెచ్చుకుందామనుకున్నాను. అది నా మర్యాద.

నాకు తెలియనిది ఒక్కటే. పక్క కౌంటీలో ఎవరివో జీనులు దొంగతనం అయ్యాయని, డెల్బర్ట్ తమ్ముడు రస్సెల్ నాలుగు రోజుల ముందు వచ్చి ఆ ఇంటికి దొంగల అలారం బిగించాడు. రస్సెల్ చేతిలో స్క్రూడ్రైవరుంటే ఊరుకోలేని మనిషి. మార్లిస్ ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఆ సంగతి అందరికీ చెప్పిందట. నేను ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. మా ఆవిడ బెవ్ వెళ్లింది, ఇంటికొచ్చి నాకు చెప్పడం మరిచిపోయింది, కానీ నేను రాలేదన్న మాట మాత్రం ఇప్పటికీ వదల్లేదు. "రమ్మంటే ఆవుల వంక పెట్టావు. దేవుడు నీకు పాఠం చెప్పాడు, అది కూడా సైరన్ పెట్టి."

తలుపు తోశాను. గొలుసు అందుకున్నాను. పది లెక్కపెట్టేలోగా ఇల్లంతా అరవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఎలాంటిదో చెప్పలేను, చెవుల్లో మేకులు దిగ్గొట్టినట్టుంది. వచ్చిన దారినే బయటికి పరిగెత్తి ఉంటే సరిపోయేది. కానీ నా బుర్రకి తట్టింది వేరు. పాపం మార్లిస్ భయపడుతుంది, వెళ్లి నేనేనని చెప్పాలి. గొలుసు చేతిలో పట్టుకునే వంటగది దాటి, నడవాలోకి పోయి, చివరన ఉన్న ఆవిడ పడకగది వైపు నడిచాను. "నేనే, లైల్‌ని" అని అరుస్తూనే ఉన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. సైరన్ డబ్బా సరిగ్గా ఆ నడవా పైకప్పుకే ఉంది.

ఉన్నట్టుండి సైరన్ ఆగిపోయింది. చెవులు ఇంకా గింగురుమంటూనే ఉన్నాయి. తలుపు అవతల నుంచి ఆవిడ గొంతు వచ్చింది, స్కూలు హాల్లో వచ్చినట్టే.

"తలుపు తియ్యకు. పేరు చెప్పు."

"నేనే!"

"నేనే అనేవాళ్లు ఈ కౌంటీలో ఎనిమిది వందల మంది ఉన్నారు. పేరు."

"లైల్. లైల్ హోలుబ్ అండీ."

నేను ఆవిడని అండీ అనడం నా జన్మలో అదే మొదటిసారి. ఆవిడ చేతిలో డెల్బర్ట్ రివాల్వర్ ఉందని చూడకుండానే తెలుసు. మంచానికి అవతల మోకాళ్ల మీద కూర్చుని ఉంటుందనీ తెలుసు, మాకు నేర్పింది అదే కదా.

"లైల్ అయితే వెనక్కి నడువు. పెరట్లో స్తంభం దీపం కింద నిలబడు. నిన్ను చూడాలి."

"మార్లిస్, పెయ్య ఈనలేక చస్తోంది. గొలుసు కోసం వచ్చాను. గొంతు గుర్తుపట్టలేదా?"

"పట్టాను. నీ వెనక ఇంకెవరైనా ఉన్నారేమో గొంతు చెప్పదు. దీపం కింద నిలబడ్డాకే పెయ్య సంగతి. షెరీఫ్ ఆఫీసు వాళ్లు ఫోన్లో ఉన్నారు, నీ మాటలన్నీ వింటున్నారు, మర్యాదగా నడువు."

నడిచాను. బయట నీళ్లు గడ్డకట్టే చలి. దీపం కింద చేతులెత్తి నిలబడ్డాను. కిటికీ తెర కదిలింది. "చేతిలో అదేంటి?" "గొలుసు." "కింద పెట్టు." పెట్టాను. ఆవిడ కుక్క కొట్టంలోంచి వచ్చి నన్ను వాసన చూసి, నా బూటు మీద తల పెట్టుకుని పడుకుంది. ఆవిడ ఫోన్లో ఎవరూ రానక్కర్లేదని చెప్పి, రివాల్వర్‌లోంచి తూటాలు తీసి, దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, కోటు వేసుకుని బయటికి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ నేను ఆవిడని తిట్టని తిట్టు లేదు, లోపల్లోపలే.

"పద, ఇంకా నిలబడ్డావేం?" అంది ట్రక్కు ఎక్కుతూ.

గొలుసు లాగడం నాకొచ్చు కానీ, లోపల దూడ తల పక్కకి తిరిగి ఉంది, దాన్ని సరిచేయడానికి నా చెయ్యి పట్టలేదు. ఆవిడది చిన్న చెయ్యి. నైట్‌గౌను మీద కోటు, కోటు చేతులు భుజాల దాకా మడిచి, గడ్డిలో బోర్లా పడుకుని, పెయ్యతో మాట్లాడుతూ తల తిప్పింది. "లాగు. ఇప్పుడు కాదు. ఇప్పుడు." దూడ జారి బయటపడింది, తుమ్మింది. నల్లటి కోడెదూడ. నేను నవ్వాను. ఆవిడ లేచి గోడకి ఆనుకుంది, అప్పుడు చూశాను, రెండు చేతులూ గడగడ వణుకుతున్నాయి.

"చలి" అంది.

నేను గోనెపట్టా అందుకుని దూడని తుడవడం మొదలుపెట్టాను.

మూడు వారాల తర్వాత ఆ ఏటి పాఠాలు మొదలయ్యాయి. మొదటి తరగతికి నన్ను రమ్మని పిలిచి, ముందు కుర్చీలో అందరికీ కనపడేలా కూర్చోబెట్టింది. "ఇదిగో, పేరు అడిగితే బతికే మనిషి ఇలా ఉంటాడు" అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"ఆయన ఆగకుండా లోపలికొచ్చి ఉంటే?"

మార్లిస్ నా వైపు చూసి, మళ్లీ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "తలుపు తెరుచుకుంటే కాల్చేదాన్ని. ఛాతీ మీద, రెండుసార్లు. తర్వాత మిగిలిన బతుకంతా బెవ్ మొహం చూడాల్సొచ్చేది. తుపాకీ ఇంట్లో పెట్టుకునే ముందు ఆ మొహం తల్చుకోండి. అప్పటికీ పెట్టుకుంటామంటే, నా దగ్గర నేర్చుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రి సంగతిలో ఒక్క ముక్క నేను ఎవరికీ చెప్పలేదు, బెవ్‌కి కూడా. అందరూ వెళ్లిపోయాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ చెప్పేశాను.

"మార్లిస్, సైరన్ ఆగేటప్పటికి నా చెయ్యి నీ తలుపు పిడి మీద ఉంది. తిప్పేశాను కూడా. ఇంక తొయ్యడమే."

"తెలుసు. తిరగడం చూశాను" అంది, కుర్చీ మడుస్తూ.

ఆవిడ ఆ కుర్చీ గోడకి ఆనించి, ఇంకొకటి అందుకుంది.

"కుడిచేతిలో రివాల్వర్ ఉంది. ఎడంచేతిలో రస్సెల్ ఇచ్చిన బొత్తాం ఉంది, సైరన్ ఆపేది. పిడి తిరిగింది. ఏదో ఒకటి నొక్కాలి."

"మరి బొత్తామే ఎందుకు నొక్కావు?"

"ఆ గోలలో నువ్వు పేరు చెప్తున్నా నాకు వినపడదు కదయ్యా" అంది మార్లిస్.