కింది మనిషి మాట

నాచారంల ట్రైలర్ల మీదికెక్కించిన మిషన్లను తాళ్లతో బిగించి కట్టుడు నా పని. ముప్పై ఏండ్లకు పైనే చేసిన. మాకో పద్ధతి ఉండె. ఒకడు లోడు మీద, ఒకడు కింద. కింది మనిషి కొక్కెం చూసి "లాగు" అంటెనే, పైవాడు తాడును చేతికి చుట్టుకొని, అంచు మీద నిలబడి, ఒళ్లంత వెనక్కి వాల్చి లాగుతడు. తాడు కిర్రుమంటె బిగిసినట్టు. నేల మీద నిలబడి లాగేటోన్ని "ఏందిరా, ఎక్కితే పారాణి చెరుగుతదా?" అని నవ్వేటోళ్లం. అందరికంటె ముందు నేనే నవ్వేటోన్ని.

నాలుగేండ్ల కింద తాడు తెగింది. సిమెంటు నేల మీద ఎల్లెలుకల పడ్డ. పడేటప్పుడు అరిచేతందుకు గూడ టైం దొరకదు. నడుము విరిగి ఆరు నెలలు మంచంల ఉన్న. మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దింది అప్పుడే. అరవై దాటినంక వచ్చిన చదువు. ఇప్పుడు కాలీడ్సుకుంట కింది మనిషి పనే చేస్తున్న.

ఇయ్యాల పొద్దున వాన వెలిసింది. ట్రైలర్ మీద పెద్ద చెక్కపెట్టె, దాని మీద మా బామ్మర్ది. పెట్టె తడిసి నిగనిగలాడుతున్నది. తాడు ఒకతాన పోగులు లేసి ఉన్నది. వాడు దాన్నే చేతికి చుట్టుకొని అంచుకు వచ్చిండు.

"బావా, లాగు అను."

"దిగు. బెల్టేసి కిందికెల్లి బిగిద్దాం."

"బెల్టు గోదాంల ఉన్నది, ఎవడు పోతడు? గిట్ల లాగుడు నేర్పింది నువ్వే గద!"

"నేర్పినోని నడుము సూడు."

"ముసలోనివైనవు బావా, భయం పట్టుకున్నది."

"పట్టుకున్నది. దిగు."

డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టిండు. నేను ఆ ఒక్క మాట అనలే. వాని చెప్పు ఒకసారి సర్రున జారింది. ఆఖరికి తిట్టుకుంట దిగిండు. బెల్టు తెచ్చి నేల మీదికెల్లే బిగించినం.

తర్వాత ఆ తాడును ట్రైలర్ కొక్కేనికి కట్టి, కిందనే నిలబడి ఇద్దరం గుంజి చూసినం. తెగలే.

"చూసినవా? గంట ఖరాబు చేసినవ్," అని వాడు నవ్విండు.

తెగితే బాగుండు అనుకున్న.

రేపు వానికి ఉప్పల్‌ల లోడున్నది. ఆ తాడునే చుట్ట చుట్టి భుజానేసుకొని పోయిండు. అక్కడ కింద వేరేటోడు ఉంటడు. అడగంగనే "లాగు" అంటడు.