ఎర్రటి కల్లంలో ఖాళీలు

అది 1962, ఎండలు ముదురుతున్న రోజులు. సత్తెనపల్లి వైపు ఒక చిన్న ఊరి పంచాయతీ ఆఫీసులో నేను గుమాస్తాగా చేరి కొన్ని నెలలే అయింది. మా వంశంలో బి.ఎ. చదివిన మొదటివాణ్ణి నేనే. నాన్న ఒంగోలు దగ్గర పొగాకు బ్యారన్‌లో కూలి. ఆకు కాల్చే ఆ కొట్టం వేడిలో నిలబడి నన్ను గుంటూరు కాలేజీలో చదివించాడు. అందుకని అప్పట్లో నాకు ప్రతిదీ గొప్ప వార్తే. నాకంటూ ఒక టేబులు ఇచ్చారు, వార్త. ఫైలు మీద సంతకం పెట్టాను, అదీ వార్తే. శనివారం బస్సెక్కి ఇంటికి పోయి చెబుతుంటే అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి మరీ వినేది.

నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఒక లేఅవుట్. లేఅవుట్ అంటే ఖాళీ భూమిని రోడ్లుగా, ఇళ్ళ స్థలాలుగా విడగొట్టే ప్లాను. ఊరి పడమటి చివర, బండ్లు కూడా పెద్దగా తిరగని ఒక వీధి ఉండేది. దాని వెనక పోరంబోకు, అంటే ఎవరి పట్టాలోనూ లేని సర్కారు భూమి. అక్కడ ఉద్యోగులకు ఇళ్ళు కట్టాలని ప్రతిపాదన. ఇలాంటి వాటికి ముందు నోటీసు అంటించి, చుట్టుపక్కల వాళ్ళ అభ్యంతరాలు విని, రాసి పైకి పంపాలి. దీన్నే ఎంక్వైరీ అంటారు. వినేది ఓవర్సీరు గారు, రాసేది నేను. కొత్త చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి పోరంబోకంతా ఎర్రగా ఉంది. ఆ వీధి వాళ్ళు మిరపకాయలు అక్కడే ఆరబోసుకుంటారు. ఎవరి ఇంటి వెనక వాళ్ళ కల్లం. ఘాటుకి ఓవర్సీరు గారు తుమ్ముతూనే ఉన్నారు. నాకు మాత్రం ఒకటి వింతగా తోచింది. అంత ఎరుపులోనూ అక్కడక్కడా ఖాళీలున్నాయి. ఒక్కోటి చాపలో సగం ఉంటుంది. కాయలు తిరగబోసేవాళ్ళు కూడా వాటిని తొక్కకుండా చుట్టు తిరిగి పోతున్నారు.

"అక్కడ కాయలు పొయ్యలేదేమండీ?" అని వీరయ్య అనే రైతుని అడిగాను.

"ఆడ నేల చెమ్మండీ," అన్నాడు, నా మొహం చూడకుండా.

నేలేమో ఎండకి నెర్రెలిచ్చి ఉంది. పొగాకు ఇంట్లో పుట్టినవాణ్ణి, మిరప సంగతి నాకేం తెలుసులే అనుకున్నాను.

వీరయ్య ఇంటి అరుగు మీద ఎంక్వైరీ మొదలైంది. మగవాళ్ళు అరుగు చుట్టూ చేరారు, ఆడవాళ్ళు గుమ్మాల వెనక నిలబడ్డారు.

"ఇళ్ళు కడితే మా కల్లాలేం కావాలండీ? నెత్తి మీద ఆరబోసుకోమంటారా?" అన్నాడొకాయన.

"వానొస్తే ఊళ్ళో నీళ్ళన్నీ అటే పోతాయండీ. అది కాస్తా మూస్తే మా మంచాల కిందికొస్తాయి," అన్నాడు ఇంకొకాయన.

"కల్లాలకి వేరే చోటు చూపిస్తాం, నీళ్ళకి కాలవ తీయిస్తాం. ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు ఓవర్సీరు గారు.

గుమ్మంలోంచి వీరయ్య భార్య నాగమ్మ మొగుడి వైపే చూస్తోంది.

"ఇంకేం లేవండీ," అన్నాడు వీరయ్య.

"ఏందయ్యా లేవనేది? నోళ్ళల్లో మిరక్కాయలు కుక్కుకున్నారా అందరూ?"

పక్కింటి ఖాసింబీ. దూదేకి పరుపులు కుట్టే మనిషి. తల నిండా దూదితో అలాగే వచ్చి నిలబడింది.

"నువ్వూరుకో ఖాసింబీ," అన్నాడు వీరయ్య.

"ఎందుకూరుకోవాలి? మా పిల్లలు పోతే మాకు ఖబరస్తాన్ ఉంది. మీ పిల్లలకేముంది?" అని నా వైపు తిరిగింది. "నువ్వు రాసుకో బాబూ. ఈ వీధిలో పాలు తాగే పిల్లలు పోతే కాల్చరు, అదిగో ఆడే పూడుస్తారు. గుర్తు పెట్టరు. తల్లిని రానియ్యరు, చోటు చెప్పరు. చెబితే మళ్ళీ కడుపు నిలవదంట. మగాళ్ళు నోరు తెరిచి చెప్పరు గానీ, కాయలు పోసేటప్పుడు ఆడ మాత్రం పొయ్యరు. అదీ వీళ్ళ చెమ్మ."

నా కలం ఆగిపోయింది. నిరుడు వానల్లో నాగమ్మ కొడుకు పోయాడని, పేరు పెట్టి ఎన్నాళ్ళో కాలేదని ఖాసింబీయే చెప్పింది. నాగమ్మ అప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. గుమ్మం దాటి మెల్లగా అరుగు దాకా వచ్చింది.

"పునాదులు ఎంత లోతు తీస్తారు బాబూ?"

ఓవర్సీరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తిరిగొస్తుంటే ఆయన అన్నారు, "ఇది మాత్రం రాయకయ్యా. శ్మశానం అన్న మాట ఫైల్లో పడితే ఆ స్థలాలు ఎవడు తీసుకుంటాడు? రికార్డులో లేని శ్మశానాన్ని మనం పుట్టించామంటారు."

"లేఅవుట్‌లో కొంత భూమి ఓపెన్ స్పేసు కింద, ఏదీ కట్టకుండా వదలాలి కదండీ. రోడ్డు పక్కన చూపించినదాన్ని ఈ వీధి వెనక్కి జరిపితే?" అన్నాను.

ఆయన కాసేపు నడిచి, "పల్లం, నీళ్ళు నిలుస్తాయి అని రాద్దాం," అన్నారు. అలాగే రాశాం. పైవాళ్ళు ఒప్పుకున్నారు.

రాళ్ళు పాతడానికి సర్వేయరు వచ్చేసరికి తొలకరి పడింది. కాయలన్నీ ఎప్పుడో బస్తాలకెక్కి గుంటూరు మార్కెట్‌కి వెళ్ళిపోయాయి. నేలంతా ఒకటే పచ్చగడ్డి. చైను, అంటే భూమి కొలిచే ఇనప గొలుసు, పరుస్తుంటే వీరయ్యా, మిగతా మగవాళ్ళూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా తలో మూలా పోయి నిలబడ్డారు. వాళ్ళు నిలబడిన చోటల్లా రాయి పాతించాం. పిల్లలందరూ ఆ రాళ్ళ లోపలే ఉన్నారు.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పరుగున పోయి నాగమ్మకి చెప్పాను.

"అక్కడ ఏ ఇల్లూ రాదమ్మా. గడ్డపార పడదు. ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది."

ఆమె చేతులు జోడించింది. "చల్లగా ఉండు నాయనా." అంతలోనే, "మరి కల్లాలు?" అంది.

"డొంక దారి అవతల చోటిచ్చారు. ఇక్కడ కంచె వేస్తారు."

"ఇక్కడ ఇంకెవరూ కాయలు పొయ్యరా?"

"పొయ్యరమ్మా."

ఆమె ఆ పచ్చటి నేల వంక చూసింది.

"చుట్టూ ఎరుపు లేకపోతే, మావోడు ఎక్కడున్నాడో నాకెట్టా తెలుస్తది బాబూ?"

వీరయ్య మాకు దగ్గర్లోనే ఎద్దుకి తాడు కడుతున్నాడు. విన్నాడు. ఆమె కడుపు వైపు ఒకసారి చూసి, కట్టిన ముడినే మళ్ళీ కట్టాడు.

ఆ శనివారం ఇంటికి వెళ్తే అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "ఏంట్రా ఈ వారం విశేషాలు?"

"ఏం లేవమ్మా," అన్నాను.

ఆ తర్వాత నా చేతి మీదుగా చాలా లేఅవుట్లు వెళ్ళాయి. ఏ ప్లానులోనైనా ఖాళీ స్థలం అని రాయాల్సి వస్తే, ముందు అక్కడికి పోయి, దాన్ని ఖాళీగా ఉంచింది ఎవరో, ఎవరి కోసమో అడుగుతాను. అరుగు మీదివాళ్ళు చెప్పింది రాసుకున్నాక, గుమ్మం వెనక ఉన్నవాళ్ళు కూడా చెప్పేదాకా కలం మూయను.