అక్క మీసాలు దిద్దిన గుమ్మడికాయ

మా నాన్న రేపల్లెలో కొట్లకు బోర్డులు రాసేవారు. సెలవు రోజుల్లో అక్క ఆయన పక్కన కూర్చుని రంగులు కలిపేది, కుంచెలు కడిగేది. పదో తరగతికి వచ్చేసరికి, మా వీధిలో ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా, కొట్టు తెరిచినా, గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ ముందు మా ఇంటికే వచ్చేది. దాని మీద దిష్టి మొహం వేయడం అక్క పని. ఉరిమి చూసే కళ్లు, ఎర్రటి నాలుక, చెవులదాకా మీసాలు. ఎంత భయంకరంగా వేద్దామని చూసినా ఆ మొహాల్లో ఏదో ఒక మూల నవ్వు ఉండేది. "ఇది దిష్టి పోవడానికా, చుట్టాల్ని పిలవడానికా?" అని నాన్న ఏడిపించేవారు.

అక్కను కర్లపాలెం ఇచ్చారు. బావది వ్యవసాయం. గొడ్ల చావిడి కప్పు మీదికి అక్క రెండు రకాల గుమ్మడి తీగలూ పాకించింది. నేను పెళ్లయి తెనాలి వచ్చాక, ప్రతి దసరాకీ బాపట్లలో రైలెక్కి రెండు సంచులతో వచ్చేది. ఒక సంచిలో మొహం వేసిన బూడిద గుమ్మడికాయ, రెండో దాంట్లో తీపి గుమ్మడికాయలు. మంచినీళ్లయినా తాగకుండా మా అద్దె ఇంటి గుమ్మానికి పాత కాయ విప్పించి కొత్తది కట్టించేది. గడపకి అటూ ఇటూ చిన్న చిన్న తీపి గుమ్మడికాయలు పెట్టి, వాటికి సున్నం బొట్లు అద్ది, చుట్టూ బంతిపూలు పేర్చేది. ఇంటివాళ్లు కూడా కిందకి దిగి చూసి వెళ్లేవాళ్లు. పండగ వెళ్లాక ఆ కాయలే కోసి, బెల్లం వేసి మగ్గబెట్టేది. దించేముందు యాలకుల పొడి, నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు వేసేది. ఆ వాసనకి నా పిల్లలిద్దరూ గిన్నెలు పట్టుకుని వంటింట్లోనే కూర్చునేవాళ్లు.

ఒక ఎండాకాలం బావ పోయాడు. పొలంలో మోటారు వేయబోతే కరెంటు కొట్టింది. అక్కకి అప్పుడు నలభై రెండేళ్లు.

తర్వాతి ఏడాది కార్తీకంలో మేం తెనాలిలోనే అపార్ట్‌మెంట్ కొనుక్కుని గృహప్రవేశం పెట్టుకున్నాం. నేనే ఫోన్ చేసి, "అక్కా, కాయ మర్చిపోకు" అన్నాను.

"ఎలా మర్చిపోతానే? తీగ మీద అన్నిటికన్నా పెద్దది నీకోసమే ఉంచా" అంది. బావ పోయాక ఆ గొంతులో హుషారు వినడం అదే మొదటిసారి.

ముందురోజు పొద్దున్నే వచ్చేసింది. కొత్త ఇంటి బాల్కనీలో చాప పరుచుకుని, నాన్న వాడిన కుంచె తీసి, కాయ ఒళ్లో పెట్టుకుని మీసాలు దిద్దుతోంది. మా అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచారు.

"ఏమీ అనుకోకమ్మా. మీ అక్క చేత్తో రాసిన కాయ గుమ్మానికి వద్దు. శుభమా అని ఇంట్లో అడుగు పెడుతున్నాం. బజార్నుంచి ఇంకోటి తెప్పిస్తాలే."

"సరేనండి" అన్నాను.

వంటింటికీ బాల్కనీకీ మధ్య తలుపు తెరిచే ఉంది. అక్క చెయ్యి ఆగిందో లేదో నేను చూడలేదు. పాలు పొంగించే గిన్నె కోసం సామాన్లు వెతుకుతున్నట్టు అక్కడే తచ్చాడాను.

మర్నాడు గుమ్మానికి బజారు కాయ కట్టారు. అక్క దాన్ని చూసి లోపలికి వెళ్లిపోయింది. పూజ జరిగినంతసేపూ వెనక గదిలో తమలపాకులు తుడుస్తూ కూర్చుంది. భోజనాలయ్యాక తన కాయ తెచ్చి మా ఆయన ముందు పెట్టింది.

"మరిదిగారూ, బూడిద గుమ్మడికాయకి ఆడవాళ్లం మొదటి దెబ్బ వేయకూడదంటారు. ఒక్క వేటు వేసి పెట్టండి."

జరిగిందేమీ తెలియని ఆయన కత్తి తీసుకున్నారు.

"కొయ్యడమెందుకక్కా? దాచుకుందాం" అన్నాను. నా మాట నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"గుమ్మానికి ఒకటి ఉందిగా. ఇది వడియాలకి పనికొస్తుంది."

ఆయన సరిగ్గా మీసాల మధ్యకి కొట్టారు. అక్క రంగు వేసిన తొక్కంతా చెక్కేసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి గుడ్డలో మూటకట్టింది. తెల్లారి మినప్పిండి రుబ్బి, మేడ మీద చీర పరిచి, ఒంగుని ఒక్కొక్క వడియమే పెట్టింది. నేను సాయానికి వెళ్తే, "చుట్టాలున్నారు, నువ్వు కిందకి పో" అంది. మధ్యాహ్నం బండికి వెళ్లిపోయింది.

మళ్లీ దసరాకి రాలేదు. ఫోన్ చేస్తే, "పనులున్నాయే" అనేది. కాయలు మాత్రం ఎవరో ఒకరి చేత పంపేది. తీపివి మాత్రమే.

నాలుగేళ్లు అలాగే గడిచాయి. పోయిన వానాకాలం అక్క కొడుకు ఫోన్ చేసి, కడుపులో గడ్డ అన్నారని, బాపట్ల ఆసుపత్రిలో చేర్చామని చెప్పాడు. వెళ్లేసరికి మంచంలో సగం మనిషే ఉంది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంక ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదన్నాడు. నేను అక్కడే ఉండిపోయాను. ఒకరోజు తీపి గుమ్మడికాయ తినాలనుందంది. ఆసుపత్రి దగ్గర తెలిసినవాళ్ల ఇంట్లో తను చేసినట్టే బెల్లం వేసి చేసి తెచ్చాను. రెండు చెంచాలు తింది.

"బెల్లం తొందరపడి వేశావు. ముక్క సరిగ్గా ఉడకలేదు" అంది.

నవ్వబోయి ఏడ్చేశాను. ఇన్నేళ్లూ దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "ఆ రోజు అత్తయ్య అంటే నేను సరే అన్నానక్కా."

"విన్నాను."

"నన్ను తిట్టవేంటి?"

చెంచా గిన్నెలో పెట్టేసింది. "నా బాధ ఆవిడ అన్నందుకు కాదే. ఆవిడ నాకేమవుతుంది? నువ్వు ఒక్క క్షణమైనా ఆలోచిస్తావనుకున్నా. మంచినీళ్లు అడిగితే సరేనన్నట్టు అన్నావు."

నేను చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. గట్టిగా పట్టుకోనూ లేదు. "పోనీలే, ఏడవకు. పక్క మంచం వాళ్లు చూస్తున్నారు" అంది.

రెండు వారాలకి పోయింది. కర్మలన్నీ అయ్యాక తెనాలి వచ్చి, ఆ రోజు అక్క అంతా విందని, ఆసుపత్రిలో నాతో ఏమందో అత్తయ్యకి చెప్పాను.

"నేను పాతకాలపుదాన్నమ్మా, ఏదో భయంతో అన్నాను. నువ్వు అప్పుడే కాదని ఉంటే నేను పట్టుబట్టేదాన్ని కాదు" అన్నారు.

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆవిడ చెప్పింది నిజమే. పట్టుబట్టేవారు కాదు.