నర్సమ్మ అడిగిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పెద్ద రాగి కాగు ఉండేది. బాలింతకు నీళ్ళు కాచడానికే దాన్ని అటక మీంచి దింపేవాళ్ళు. అది పొయ్యి మీదికెక్కిందంటే ఇంట్లో పురుడని ఊరికంతా తెలిసిపోయేది. అందుకే ఆ కాగు నిండా ఉన్న నీళ్ళు పారబోసి బోర్లించిన పొద్దు నా కళ్ళముందు నుంచి ఇప్పటికీ పోదు.

మాది కొండాపూర్ దిక్కు పల్లె. పటాన్‌చెరు వైపు కార్ఖానాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా నాయిన వాటి గోడలు కట్టే పనికి పోయి, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. చాలా ఏళ్ళకు అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. నాకు చెల్లె పుడుతుందని బడిలో అందరి దగ్గరా గొప్పలు పోయాను. తమ్ముడైతే ఏం చేస్తావే అని అడిగిన పిల్లతో జుట్లు పట్టుకున్నాను కూడా.

చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి సర్కారు నర్సమ్మ ఒకామె ఉండేది. క్రైస్తవురాలు. మా ఊళ్ళోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. తెల్ల చీర, చేతిలో రేకు డబ్బా, ఎండైనా వానైనా కాలినడకే. మంచిదే కానీ నోరు మహా కారం. మురికి చేతులతో చంటిపిల్లను ముట్టుకుంటే ఊరి పెద్దలనైనా వదిలేది కాదు. ఆమె కాన్పు చేసిన ఇంట్లో పురుడు నాడు ఆమెకు చీర పెట్టి, బిడ్డను ముందుగా ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, ఆ తర్వాతే పేరు పిలవడం మా ఊరి ఆనవాయితీ.

నాకు చెల్లెనే పుట్టింది. కానీ ఏడవలేదు. నర్సమ్మ దాని నోట్లో నోరు పెట్టి ఊదింది, వీపు రుద్దింది, మళ్ళీ ఊదింది. చాలాసేపటికి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, తల వంచుకుని లోలోపల ఏదో ప్రార్థన చేసుకుంది. మా చినతాత ఆ మూటను తువ్వాల కింద పెట్టుకుని ఊరి బయటి చెలక వైపు వెళ్ళిపోయాడు. నాయనమ్మ పెరట్లోకి పోయి కాగును బోర్లించింది.

"దాని ముచ్చట ఎవ్వలెత్తద్దు. పేరు గిట్ల తీస్తిరా, మల్లా అదే కడుపుల పడి మల్లా పోతది" అని నాయనమ్మ కట్టడి చేసింది. మా వాళ్ళందరికీ ఆ భయమే. బిడ్డ లేదు కాబట్టి అమ్మ బాలింతా కాదు. నూనె లేదు, వేడినీళ్ళు లేవు, సాంబ్రాణి పొగ లేదు. ఏమీ జరగనట్టే ఉండాలని అందరూ అనుకున్నారు. ఒళ్ళు ఊరుకుంటుందా? పాలొచ్చాయి. రొమ్ములు రాయిలా గట్టిపడి అమ్మకు జ్వరం అందుకుంది. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి అన్నం వద్దంది, నీళ్ళు వద్దంది, నేను పిలిచినా ఇటు తిరగలేదు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి, ఇదీ దక్కేటట్టు లేదని గుసగుసలాడుకోవడం నేను విన్నాను. చెల్లె సంగతి మరిచిపోయాను, నాకు అమ్మ ఉంటే చాలనిపించింది.

అప్పుడొచ్చింది నర్సమ్మ. పక్క ఊళ్ళో ఒక కష్టపు కాన్పు దగ్గర చిక్కుకుపోయి, అది ముగియగానే నేరుగా మా ఇంటికే నడిచొచ్చింది. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. నాయనమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"బిడ్డనే లేకపాయె నర్సమ్మా, ఇగ నీకు ఈడ ఏం పని?"

"బిడ్డ లేకుంటే ఏందవ్వా, బాలింత ఉన్నది గద! జరుగు, నీళ్లు పెట్టాలె" అని ఆమెను తప్పించుకుని లోపలికొచ్చింది. నా వైపు చూసి, "ఏం జూస్తున్నవే, కట్టెలు తే జల్దీ" అని గదమాయించింది. ఆ గదమాయింపుకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె తానే ఆ కాగును తిరగేసి, తోమి, పొయ్యి మీద పెట్టింది.

అమ్మను పెరట్లో బండ మీద కూర్చోబెట్టి ఒళ్ళంతా నూనె రాసింది. పాలు కొంత పిండి తీసి, పాత నూలు గుడ్డతో రొమ్ములు బిగించి కట్టింది. డబ్బాలోంచి జ్వరానికి గోళీలు తీసి మింగించింది. ఎల్లిపాయ కారం కలిపిన అన్నం ముద్దలు చేసి నోటికందించింది. అమ్మ తినలేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. బతికున్న బిడ్డ తల్లికి ఏమేం చేస్తారో, అవన్నీ ఒక్కటీ వదలకుండా చేసింది. జ్వరం దిగింది కానీ అమ్మ చూపు మాత్రం ఇటు రాలేదు.

ఒక పొద్దున చెంబుతో నీళ్ళు పోస్తూ పోస్తూ, ఏదో మామూలు మాట అడిగినట్టే అడిగింది నర్సమ్మ. "పిల్లకు ఏం పేరనుకున్నవ్ బిడ్డా?"

పొయ్యిలో కట్టె తోస్తున్న నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. అమ్మ సన్నటి గొంతుతో ఆ పేరు చెప్పింది. చెప్పి, నర్సమ్మ నడుం పట్టుకుని ఏడ్చింది. అయ్యో, అదేం ఏడుపు! తెల్ల చీరంతా నూనె, నీళ్ళు, కన్నీళ్ళు. నర్సమ్మ కదల్లేదు. "మంచి పేరు. మంచిగున్నది పేరు" అంటూ అమ్మ తల నిమురుతూ ఉండిపోయింది.

నాయనమ్మ మండిపడుతుందనుకున్నాను. ఆమె పొయ్యి ముందు అట్లాగే కూర్చుని, మంటలోకి చూస్తూ, "నాకు గూడ ఒగడుండె" అంది. ఒక పిల్లవాడి పేరు చెప్పింది. మా నాయినకు ముందు పుట్టి పోయినవాడట. అట్లాంటివాడు ఒకడు ఉండేవాడని మా నాయినకే తెలియదు. "నన్నెవ్వలు అడగకపోయిరి" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం నాయనమ్మే ముద్దలు చేసి పెట్టింది. అమ్మ తింది.

అమ్మకు ఆ తర్వాత పిల్లలు పుట్టలేదు. ఆ దుఃఖం మా ఇంట్లోంచి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. కానీ అమ్మ బతికింది.

నాకు పెళ్ళీడు వచ్చేనాటికి నర్సమ్మకు ఉద్యోగం ముగిసింది. బడి ఆవరణలో షామియానా వేసి సన్మానం చేశారు. ఆమె కాన్పు చేసిన పిల్లలను తీసుకుని రమ్మని చాటింపు వేస్తే ఊరంతా కదిలొచ్చింది. తల్లులు పిల్లలతో వరుసకట్టారు. సర్పంచ్ మాట్లాడుతూ, నర్సమ్మ చేతిలో పడ్డ బిడ్డ ఒక్కటీ పోలేదని గొప్పగా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సమ్మ కొట్టలేదు. మా అమ్మ వెనక్కి జరిగి స్తంభం చాటున నిలబడింది. అప్పటికి వంగిపోయిన నాయనమ్మ చంకలోంచి ఒక కొత్త చీర తీసి అమ్మ చేతిలో పెట్టి, "నడువ్. నువ్వు గూడ కన్నవ్ గద" అని వీపు మీద చెయ్యి వేసి తోసింది.

అంతమంది తల్లుల మధ్య మా అమ్మ ఒక్కతే పిల్ల లేకుండా వరుసలో నడిచింది. చీర నర్సమ్మ ఒళ్ళో పెట్టింది. నర్సమ్మ లేచి నిలబడి అమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందని ఇంటికొచ్చే దారిలో అడిగాను. ఎన్నో ఊళ్ళు తిరిగి, ఎందరో బిడ్డలను ఎత్తుకున్న ఆ మనిషి చెప్పింది మా చెల్లె పేరు.

నేను నర్సును కాలేదు. చదువు అంత దూరం సాగలేదు. ఇప్పుడు పటాన్‌చెరులో ఉంటున్నాను. మా గల్లీ నిండా కంపెనీ పనులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. ఎవరింట్లోనైనా బిడ్డ పోయిందని వింటే నూనె గిన్నె పట్టుకుని పోతాను. పొయ్యి మీద నీళ్ళు పెడతాను. వాళ్ళ భాష నాకు రాకపోయినా, ఏం పేరనుకున్నావని అడగడం మాత్రం వస్తుంది. చెప్పిన పేర్లన్నీ నాకు గుర్తున్నాయి, మా చెల్లె పేరుతో మొదలుపెట్టి.