నేను తర్జుమా చేయని మాట

మనిషి లోపల ఏముందో మనిషికంటే ముందే ఎరిగిన దేవునికి స్తోత్రం. ఆయన ఎదుట రాస్తున్నాను గనుక ఇందులో ఏదీ దాచను.

మా అన్న షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేత్ షెడ్డులో స్టోర్‌కీపరుగా ఉండేవాడు. అతని కిడ్నీలు పాడైతే చెన్నై వెళ్లి నాది ఒకటి ఇచ్చాను. ఆపరేషన్లో ఎక్కించిన రక్తంతో అన్నకు హెచ్ఐవి అంటుకుంది. షార్జాలో అది బయటపడితే వీసా ఉండదు. అందుకని ఆ జబ్బు మాత్రలు ఊరినుంచి వచ్చేవాళ్ల చేత కాల్షియం డబ్బాలో తెప్పించుకునేవాళ్లం. “ఈ మాత్ర కొందరి కిడ్నీని దెబ్బతీస్తుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితే మాత్ర మార్చాలి, ఆలస్యం చేయొద్దు” అని చెన్నై డాక్టరు నాకే చెప్పాడు.

నేనూ షార్జాలోనే ఉండేవాణ్ని. ఇక్కడ మా సంఘం శుక్రవారం కూడేది. మలయాళీ పాస్టరు ఇంగ్లీషులో బోధిస్తే, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేను. అన్నదమ్ములిద్దర్నీ నిలబెట్టి కిడ్నీ ఇచ్చిన సంగతి సాక్ష్యం చెప్పించారు. చప్పట్లు నాకు బాగానే ఉన్నాయి.

2006లో అన్న క్రియాటినిన్ పెరిగింది. ఇక్కడి డాక్టరు, శరీరం కొత్త కిడ్నీని తోసేస్తోందేమో అన్నాడు. “వేరే మందులేమైనా వాడుతున్నాడా?” అని అడిగాడు. అన్నకు ఇంగ్లీషు రాదు. తెలుగులో అడిగాను.

“చెప్పేయ్ రా. దాచింది చాలు,” అన్నాడు అన్న.

నేను డాక్టరు వైపు తిరిగి, “ఏమీ లేవు. నాటు మందులు కూడా లేవు,” అన్నాను.

బయటికొచ్చాక అన్న అడిగాడు. “ఏం చెప్పినావు?”

“చెప్పాల్సింది చెప్పానన్నా.”

“అంత పొట్టిగానా? పాస్టరు ఒక ముక్కంటే నాలుగు ముక్కలు చెప్పేవాడివి.”

అతను మళ్లీ అడగలేదు. అతని ఉద్యోగం కోసం అబద్ధమాడానని అప్పుడు అనుకున్నాను. నిజానికి, ఆ జబ్బు పేరు సంఘంలో పొక్కితే పాస్టరు పక్కన నా చోటు పోతుందని భయపడ్డాను.

శరీరం కిడ్నీని తోసేయకుండా మూడు రోజులు స్టెరాయిడ్లు ఎక్కించారు. షుగరు వచ్చింది, క్రియాటినిన్ దిగలేదు. రెండు నెలలకు వీసా మెడికల్లో రక్తమే అంతా చెప్పింది. అన్నను ఒక గదిలో ఉంచి, అక్కడినుంచే విమానం ఎక్కించారు. చెన్నై డాక్టరు మాత్ర మార్చాడు. కాగితాలన్నీ తిరగేసి, “ఈ మాత్ర సంగతి అక్కడెవరూ చెప్పలేదా? అప్పుడే మార్చి ఉంటే కిడ్నీ దక్కేదేమో,” అన్నాడట. ఆ మాట ఫోన్లో నాకు చెప్పింది అన్నే. తప్పు నాదని మాత్రం అనలేదు.

తర్వాతి శుక్రవారం పాస్టరు దాచిన పాపం గురించి బోధించాడు. ఎవరి గురించో అందరికీ తెలుసు. ప్రతి మాటా తెలుగులోకి తెచ్చాను, గొంతు తడబడకుండా. నా చోటు నాకే ఉంది.

నేనిచ్చిన కిడ్నీ పోయింది. ఇప్పుడు అన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి. నా క్షమాపణ కోసం కాదు, అది నేనే అడుక్కోవాలి. సూది పొడిచే ప్రతిసారీ అన్నకు నొప్పి తక్కువగా ఉండాలని అడగండి. ఆమేన్.