మేస్త్రి నిద్రపోనిదే బండి కదలదు

ఆ షెడ్డులో మేస్త్రి ఒక కునుకు తీస్తే గాని ఏ బండీ గేటు దాటేది కాదు. అక్కడ బాగుచేసేవి మోటార్ హోములు. మంచాలు, వంటగట్టు, స్నానాల గదితో సహా చక్రాల మీద తిరిగే ఇళ్లన్నమాట. వాటికి కరెంటు పని చేసేది మేస్త్రి. వైర్లన్నీ బిగించి, జనరేటర్ ఆన్ చేసి, తలుపులూ కిటికీలూ మూసి, చంకలో దిండుతో లోపలికి వెళ్లి పడుకునేవాడు. ఎన్ని మంచాలుంటే అన్నిటి మీదా పడుకోవాల్సిందే. పిల్లల మంచమెక్కితే మోకాళ్లు గడ్డానికి ఆనేవి.

ఆఫీసు గదిలో కూర్చుని డెలివరీలు చూసే మేనకోడలికి ఇదే తలనొప్పి. షెడ్డు వాళ్ల నాన్నది. మేస్త్రి ఆమెకు సొంత మేనమామ.

"మావయ్యా, వాళ్లు గంట నుంచి నిలబడ్డారు."

"ఇంకో మంచం ఉందమ్మా."

"నీకు ఇంట్లో మంచం లేదా?"

"ఉంది. దానికి జనరేటర్ లేదు."

ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట తమ బండి తలుపు తీస్తే, పరుపు మీద నడివయసు మనిషి నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. పెళ్లికూతురు కెవ్వుమంది. మేస్త్రి లేచి, "పరుపు బాగుందమ్మా, కుడివైపు కాస్త ఎత్తు" అని చెప్పి దిండు తీసుకుని దిగిపోయాడు. ఆ రోజు నుంచి షెడ్డు యజమాని అయిన బావగారు ఆయన్ని నిద్రమొహం అనే పిలిచేవాడు. ఇంకొక్క డెలివరీ ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తానని కూడా అన్నాడు.

అలాంటప్పుడు ఒక కొడుకు తల్లి కోసం బండి చేయించుకున్నాడు. ఆవిడ ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆక్సిజన్ మిషను ఆగితే ఆవిడా ఆగిపోతుంది. డాక్టర్లు వారం గడువు చెప్పారు. ఎనిమిది గంటల దూరంలో ఆవిడ అక్క ఉంది, ఇద్దరూ చూసుకుని పదకొండేళ్లయింది. ఆఖరిసారి చూపించాలని కొడుకు తాపత్రయం. దారిపొడుగునా మిషను నడవాలంటే జనరేటర్ కూడా నడుస్తూనే ఉండాలి. మధ్యాహ్నం పన్నెండుకి బండి ఇస్తానని మేనకోడలి నాన్న మాటిచ్చాడు.

ఈసారి ఆలస్యం కాకూడదని మేనకోడలు పొద్దున్నే మావయ్య దిండు తీసి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసింది. దిండు లేకపోతే పడుకోడని తన ఉపాయానికి తనే మురిసిపోయింది.

పదకొండున్నరకి చూస్తే జనరేటర్ మోగుతోంది, తలుపులు మూసున్నాయి. ఒళ్లు మండి ఆమె తలుపు లాగింది.

"దిండు లేకపోయినా పడుకున్నావా మావయ్యా? కాస్తయినా సిగ్గుందా?"

వెనక మంచం మీదున్న మేస్త్రి పలకలేదు. భుజం పట్టి ఊపితే చెయ్యి జారి కిందికి వేలాడింది.

ఆమె అరుపుకి నాన్న పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చెరో చంకా పట్టి బయటికి ఈడ్చారు. మేస్త్రి భళ్లున వాంతి చేసుకుని, కాసేపటికి కళ్లు తెరిచాడు.

"తలవైపు" అన్నాడు. "జనరేటర్ పొగగొట్టం పగిలింది. పొగంతా మంచం కిందికొస్తోంది."

"విషవాయువు తగిలితే మోగే అలారం ఉంటుంది కదరా" అన్నాడు నాన్న.

"ఉంది బావా. దిండు గలీబులో పెట్టి కుట్టేశాను. ఇవాళ దిండు దొరకలేదు."

మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. "తెలిసి తెలిసి ఎందుకు పడుకున్నావు మావయ్యా?"

"పెద్దావిడ తల అక్కడే పెడుతుంది కదమ్మా."

ఆస్పత్రిలో ఆయనకు ఆక్సిజన్ పెట్టాక, వరండాలో నాన్న నెమ్మదిగా చెప్పాడు. "పాతికేళ్ల కిందట వేరే షెడ్డులో వీడు బాగుచేసిన బండిలో ఇద్దరు పడుకుని మళ్లీ లేవలేదు. తప్పు వీడిది కాదని తేలింది. వీడికి మాత్రం తేలలేదు. ఈ నిద్ర అందుకేనని నాకిన్నాళ్లూ తట్టలేదే." ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఇంతలో ఆ కొడుకు వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. కొత్త పొగగొట్టం రావడానికి మూడు రోజులు పడుతుందని విని గోడకు చేరగిలబడ్డాడు. "మూడు రోజులు అమ్మ ఉంటుందో లేదో" అన్నాడు.

లోపల మంచం మీంచి ఇదంతా విన్న మేస్త్రి మాస్కు తీశాడు. "జనరేటరే వద్దు. బావ సొంత బండిలో నాలుగు కొత్త బ్యాటరీలున్నాయి. అవి పెడితే మిషను అక్కడిదాకా నడుస్తుంది."

నాన్న ఏదో అనబోయి, కూతురి మొహం చూసి తన బండి తాళాలు తీశాడు. డాక్టరు రేపటిదాకా ఉండమన్నా వినకుండా మేస్త్రి షెడ్డుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చెబుతుంటే తండ్రీకూతుళ్లు చేతులు కొట్టుకుపోయేలా బిగించారు. పొద్దుగుంకకముందే పని పూర్తయింది.

కొడుకు తల్లిని ఎత్తుకొచ్చి వెనక మంచం మీద పడుకోబెట్టాడు. ఎముకల మూటలా ఉందావిడ. ముక్కుకున్న గొట్టం సర్దుకుని, తలుపు దగ్గరున్న మేస్త్రిని రమ్మని సైగ చేసింది.

"నాకంటే ముందు నువ్వు పడుకుని చూశావట కదా నాయనా. నిద్ర బాగా పట్టిందా?"

"పట్టిందమ్మా. లేపినా లేవలేదు. మీరు మాత్రం మధ్యమధ్యలో లేస్తూ ఉండండి."

ఆవిడ నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా కొడుకు ఆవిడ వీపు నిమిరాడు.

"మా అక్క కనబడేదాకా నేనసలు పడుకోను లేవయ్యా" అందావిడ. "నువ్వు దిగు, బండి కదలనివ్వు."